కొట్టంలో ముగ్గు

పిల్లలూ, ఒక మాట నా గొంతులో పడి డెబ్బై ఏళ్ళు దాటింది. మింగుడు పడదు, బయటికి రాదు. మీ తాతయ్యకు చెప్పలేదు. మీ అమ్మకు చెప్పలేదు. దేవుడికి చెప్పానా అంటే, ఆయన ముందు నిలబడ్డప్పుడు కూడా మీ చదువులు, నా మోకాళ్ళ నొప్పులు చెప్పుకుని వచ్చేశానే తప్ప ఇది ఎత్తలేదు. మీకెందుకు చెబుతున్నాను? దూరంగా ఉన్నారు కాబట్టేనేమో. ఎదురుగా కూర్చుంటే మీ మొహాలు చూసి మళ్ళీ ఆగిపోతాను.

చిన్నీ, నువ్వు పుణెలో ఉన్నా తెలుగు మరచిపోలేదు. నువ్వు చదువు. నీ తమ్ముడికి తెలుగు చదవడం రాదు, ఫోనులో చదివి వినిపించు. ముఖ్యంగా వాడే వినాలి. వాడు తీసిన వీడియోతోనే ఇదంతా మళ్ళీ లేచింది. వాడి తప్పేమీ లేదు, అది ముందే చెబుతున్నాను.

పోయిన ఏడాది వేసవిలో బాబు సూర్యాపేట వచ్చాడు కదా. "అమ్మమ్మా, సాయుధ పోరాటం కళ్ళారా చూశావు కదా, చెప్పు" అని నా ముందు ఫోను నిలబెట్టాడు. చెప్పాను. మా కొట్టంలో జొన్న పాతరలో సైదులును దాచిన సంగతి చెప్పాను. మిలటరీ వాళ్ళు వచ్చి తవ్విన సంగతి, మా నాయన కాలు విరగ్గొట్టిన సంగతి చెప్పాను. చివర్న వాడు, "మరి ఎవరు పట్టిచ్చారు?" అన్నాడు. "పక్కింటి లచ్చమ్మ పొద్దున వచ్చి చూసిపోయింది" అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట! అన్నం కలుపుకున్నంత తేలిగ్గా. అందరూ చూస్తున్నారని, మెచ్చుకుంటున్నారని బాబు ఫోను చేస్తే నేను కూడా నవ్వాను. నవ్వాను, పిల్లలూ. అది కూడా రాయాలి.

మీకు చిన్నప్పుడు ఒక అనుమానం ఉండేది. అమ్మమ్మ వాకిట్లో ముగ్గెందుకు వేయదు? కోదాడలో మీ అమ్మ రోజూ వేస్తుంది. నేను నీళ్ళు చల్లి ఊరుకుంటాను. మోకాళ్ళు వంగవనేదాన్ని. మోకాళ్ళు బాగా వంగిన రోజుల్లో కూడా నేను వేయలేదు. తొమ్మిదేళ్ళప్పుడు వేసిందే నా చివరి ముగ్గు.

పాతరంటే మీకు తెలియదు. జొన్నలు పోసుకునే గొయ్యి. లోపల మనిషి కూర్చునేంత వెడల్పు, పైన మూతి ఇరుకు. మూతి మీద పలకలు పరిచి, గడ్డి వేసి, మట్టితో మెత్తి, పేడతో అలికేస్తే అక్కడ గొయ్యి ఉన్నట్టే తెలియదు. ఆ ఏడు మా పాతరలో జొన్నలు లేవు. సైదులు ఉన్నాడు.

నిజాం రాజ్యం పోయింది, రజాకార్లు పోయారు, ఇక భయం లేదనుకున్నారు పెద్దవాళ్ళు. అప్పుడు యూనియన్ మిలటరీ ఊళ్ళ మీదికి వచ్చింది. దొరల భూములు పంచిన సంఘం వాళ్ళ కోసం ఊరూరా వెతికింది. సైదులు సంఘం దళంలో మనిషి. ఇరవై ఏళ్ళుంటాయేమో. మడమకు గుండు తగిలి నడవలేక మా ఇంట్లో ఆగిపోయాడు. పగలంతా పాతరలో ఉండేవాడు. గాలికి గోడవైపు సన్నటి బెజ్జం ఉండేది. పొద్దుగూకాక బయటికి వచ్చి రొట్టె తినేవాడు, బొగ్గుముక్కతో పెంకు మీద నాకు అక్షరాలు దిద్దించేవాడు. నన్ను పంతులమ్మా అని పిలిచేవాడు.

"ఏం పంతులమ్మా, రొట్టెల ఉల్లిగడ్డ మరిసినవ్? రేపు గూడ మరిస్తె పాతరలకెళ్ళి లెవ్వనే లెవ్వ, సూడు!"

ఇప్పుడు నేను రాస్తున్న ఈ అక్షరాలు ఆయన పెట్టినవే. చూడండి, ఎవరి చేతి రాతతో ఏం రాస్తున్నానో.

ఆ రోజు పొద్దున సైదులును లోపలికి దించి, అమ్మ మూతి మెత్తేసింది. నాయన చేలోకి పోయాడు. అమ్మ కూలికి పోతూ నాకు చెప్పింది: "జర మంచిగ అలుకు. అలికి మీద గడ్డేసి బర్రెను గాడ కట్టెయ్. మరువకు."

అలికాను. చక్కగా వచ్చింది. గడ్డి వేయడానికి వంగి ఆగిపోయాను. మన ఇళ్ళల్లో అలికిన నేలను బోసిగా వదలరు. ఒక్క గీతైనా వేస్తారు. చావు జరిగిన ఇంట్లోనే ముగ్గు లేకుండా అలుకుతారు. మా తాత పోయినప్పుడు చూశాను. పైన బోసి అలుకు, కింద సైదులు. నాకు చేతులాడలేదు. పరుగెత్తి ముగ్గు చిప్ప తెచ్చాను.

ఇన్నేళ్ళూ నాకు నేను ఇలాగే చెప్పుకున్నాను, శకునానికి భయపడి వేశానని. నిజమేనా? సగం నిజం. ఆ వారమే తామర పువ్వు ముగ్గు నేర్చుకున్నాను. ఎనిమిది రెక్కలు. మెత్తటి పచ్చి అలుకు మీద తెల్లటి పిండి ఎంత బాగా కనిపిస్తుందో చూడాలని కూడా ఉంది. ఏడు రెక్కలు వచ్చాయి, చిప్పలో పిండి అయిపోయింది. గడ్డి వేస్తే ముగ్గు పోతుంది కదా అని వేయలేదు. సాయంత్రం సైదులుకు చూపిస్తాననుకున్నాను. మూత తీస్తే ముగ్గు ఎలా మిగులుతుంది? అంత ఆలోచన లేదు.

అప్పుడు లచ్చక్క వచ్చింది. పక్కిల్లు. పొయ్యిలోకి నిప్పు కోసం చేతిలో పిడక పట్టుకుని వచ్చింది. ఆమె భర్త ముత్తయ్య కూడా దళంలోనే ఉన్నాడు, కాబట్టి పాతర సంగతి ఆమెకు తెలుసు. నన్ను చూసి నవ్వింది.

"ఓ పిల్లా, కొట్టంల ముగ్గేందే? బర్రెకు పెండ్లి జేస్తున్నవా?"

అని నవ్వుతూనే ఆగిపోయింది. మొహం మారిపోయింది. నా పక్కన కూర్చుని మెల్లగా అంది: "తుడిపెయ్ బిడ్డా. జల్ది తుడిపి గడ్డెయ్." పిడక మీద నిప్పు వేసుకుని, వెనక్కి తిరిగి ఇంకోసారి చెప్పి వెళ్ళింది.

నాకు రోషం వచ్చింది. నా ముగ్గును చూసి నవ్విందని రోషం. తుడపలేదు.

మిలటరీ వాళ్ళు ఊళ్ళోకి వచ్చింది ఆ మధ్యాహ్నమే. ఇల్లిల్లూ తిరిగారు, మా ఇంట్లో కుండలు పగలగొట్టారు, కొట్టంలోకి వచ్చారు. ఒక సిపాయి ముగ్గు దగ్గర నిలబడ్డాడు. తొక్కలేదు. చుట్టూ తిరిగి నడిచాడు. వాళ్ళ ఊళ్ళో కూడా ముగ్గు వేస్తారేమో, అందుకే అది ఉండకూడని చోట ఉందని తెలిసిందేమో. పక్కవాడిని పిలిచాడు. గడ్డపారతో ముగ్గు మధ్యలో పొడిచారు.

సైదులు చేతులు పైకెత్తి వచ్చాడు. జుట్టు మీద, భుజాల మీద తెల్లటి పిండి. ముగ్గు పిండి. నా వైపు ఒక్కసారి చూశాడు. ఆ చూపులో ఏముందో నాకు ఇప్పటికీ తెలియదు. తెలిసినట్టు రాస్తే అది ఇంకో అబద్ధం అవుతుంది. ఊరి చివర తుమ్మల దగ్గర రెండుసార్లు తుపాకి పేలింది.

చేలోంచి నాయనను ఈడ్చుకొచ్చి కొట్టి తీసుకుపోయారు. అమ్మ పరుగున వచ్చింది. నా వేళ్ళు చూసింది. వేళ్ళ సందుల్లో పిండి అలాగే ఉంది. నన్ను కుడితి గోలెం దగ్గరికి ఈడ్చి, రెండు చేతులూ ముంచి, తోలు ఊడిపోయేలా రుద్దింది. ఆ తరువాత బతికినన్నాళ్ళూ మా అమ్మ నాతో ఆ ఊసు ఎత్తలేదు. ముగ్గు చిప్ప మాత్రం మా ఇంట్లో మళ్ళీ కనిపించలేదు.

కొన్నాళ్ళకు దళం వాళ్ళు విచారణకు వచ్చారు. ఒక మధ్యాహ్నం జొన్నచేలో ఊరివాళ్ళను కూర్చోబెట్టారు. పట్టించిన మనిషి ఎవరో తేలాలన్నారు. దళం పెద్ద నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, చేతిలో బెల్లం ముక్క పెట్టాడు. చాలా మంచిగా అడిగాడు.

"భయపడకు బిడ్డా. ఆ పొద్దు మీ కొట్టంలకు ఎవరన్న వచ్చిండ్రా?"

"లచ్చక్క వచ్చింది."

"ఎందుకు?"

"నిప్పుకు."

"పాతర దిక్కు సూసిందా?"

"సూసింది."

ఇందులో ఒక్క మాటా అబద్ధం కాదు, పిల్లలూ. లచ్చక్క లేచి నిలబడింది.

"సూసిన. ఎందుకు సూడలే? ఈ పిల్ల పాతర మీద ముగ్గేసిందయ్యా. తుడిపెయ్యమని రెండుసార్లు జెప్పిన. అడుగుండ్రి!"

అందరూ నవ్వారు. "కొట్టంల ముగ్గెవరేస్తరే? జెప్పేదన్న జర మంచిగ జెప్పు!" అన్నాడు ఎవరో. దళం పెద్ద నవ్వలేదు. నన్నే చూశాడు.

"ముగ్గేసినవా బిడ్డా?"

నేను అమ్మ వైపు చూశాను. అమ్మ నేల వైపు చూస్తోంది. నాయన ఇంకా తిరిగి రాలేదు. బెల్లం అరచేతిలో కరుగుతోంది.

"లే" అన్నాను.

అంతే. అబద్ధానికి నాకు ఒక్క అక్షరం సరిపోయింది. "పసిపిల్ల అబద్ధమాడుతదా?" అన్నారు ఊరివాళ్ళు. లచ్చక్క ఏదో అనబోయి, మా అమ్మను చూసి ఊరుకుంది. మా అమ్మ కన్నీళ్ళు పెట్టుకుంటోంది. దెబ్బలు తిన్న ఇల్లు మాది. లచ్చక్క ఇంట్లో ఆ రోజు ఒక్క కుండ కూడా పగల్లేదు. అది కూడా సాక్ష్యమే అయింది.

లచ్చక్క ఇంటికి నిప్పు, నీళ్ళు బంద్ చేశారు. ముత్తయ్య దగ్గర తుపాకి గుంజుకుని, నీ భార్య ద్రోహి, నువ్వు మాకు వద్దని దళంలోంచి పంపేశారు. ఆయన ఒక్కడే ఊరికి వచ్చాడు. ఎవరూ దాచలేదు. ఏ పాతర మూతీ తెరుచుకోలేదు. రెండో రోజునే మిలటరీకి దొరికాడు. సైదులును చంపిన ఆ తుమ్మల దగ్గరే ఆయననూ చంపారు. చంపింది మిలటరీ. ఒంటరిని చేసింది మనవాళ్ళు. మనవాళ్ళ చేతికి ఆ మాట అందించింది నేను.

కడుపులో బిడ్డతో లచ్చక్క ఊరు విడిచి, చిలుకూరు దిక్కున కూలి చేసుకుని బతికింది. మా నాయన ఆరు నెలలకు కుంటుకుంటూ తిరిగి వచ్చాడు. ఊరు ఆయనను ఊరేగించింది.

తరువాత నాకు పెళ్ళయింది, మిర్యాలగూడ వెళ్ళాం. మీ తాతయ్య రైస్ మిల్లులో గుమాస్తా. ఒకరోజు క్యారేజీ ఇవ్వడానికి పోతే, మిల్లు కల్లంలో ధాన్యం ఎండబోసే ఆడవాళ్ళలో లచ్చక్క ఉంది. నాకప్పుడు ముప్పై ఏళ్ళు. నన్ను గుర్తుపట్టింది. ధాన్యం నెరిపే దంతె ఆపి, అదే నవ్వు మొహంతో అడిగింది: "బాగున్నవా పిల్లా? ఇంటిముందట ముగ్గేస్తున్నవా?"

నేను గబగబా లోపలికి వెళ్ళిపోయాను. నాలుగు రోజులు క్యారేజీ వేరేవాళ్ళతో పంపాను. అయిదో రోజు ధైర్యం చేసి వెళ్ళాను, చెబుదామనే వెళ్ళాను. ఆమె పని మానేసిందన్నారు. అప్పుడు నాకేమనిపించిందో తెలుసా? బరువు దిగినట్టనిపించింది. నన్ను మీరు మంచి అమ్మమ్మ అంటారు.

మా ఊళ్ళో అమరుల స్థూపం మీకు తెలుసు. బాబు దాని ముందు నిలబడి ఫోటో కూడా దిగాడు. సైదులు పేరుంది. కింద పోరాటంలో పాల్గొన్నవాళ్ళ వరుసలో మా నాయన పేరుంది. ముత్తయ్య పేరు లేదు. ఏటా సెప్టెంబరు వచ్చిందంటే ఆ స్థూపం ముందుకు మూడు పార్టీల జెండాలు వస్తాయి. ఒకళ్ళు విమోచనం అంటారు, ఒకళ్ళు విలీనం అంటారు, ఇంకొకళ్ళు మా పోరాటాన్ని దొంగిలించకండి అంటారు. మైకులో గొంతులు చించుకుంటారు. రజాకార్లు చంపినవాళ్ళ లెక్క వేరు, మిలటరీ చంపినవాళ్ళ లెక్క వేరు. ఎవరి అమరులు వాళ్ళవాళ్ళు. ముత్తయ్య ఎవరి లెక్కలోకీ రాడు. నేను ప్రతిసారీ ముందు వరుసలో కుర్చీలో కూర్చుని, శాలువా కప్పించుకుని వచ్చాను.

ఇప్పుడు రోడ్డు వెడల్పు చేస్తున్నారు, స్థూపం జరపాలి. కొత్త రాయి మీద పేర్లు కొత్తగా చెక్కిస్తున్నారు. అది తెలిసి పోయిన నెల ఒకమ్మాయి మన ఇంటికి వచ్చింది. పేరు సునీత. నేరేడుచర్లలో టీచరు. ముందు నాకు తెలియలేదు. గుమ్మంలో నిలబడి, "లచ్చమ్మ మనవరాలిని అవ్వా" అంది.

కూర్చోబెట్టాను. చాయ్ ఇచ్చాను. ఆమె మెడలో చిన్న సిలువ ఉంది. నేను చూడటం చూసి నవ్వింది. "ఊరు రానియ్యకపోతె మా నాయనమ్మను చర్చోళ్ళు రానిచ్చిండ్రు అవ్వా" అంది. తరువాత అసలు సంగతికి వచ్చింది.

"మా తాత పేరు ఎక్కియ్యమని కమిటీని అడిగిన. ద్రోహి ఇంటి పేరు ఎట్ల ఎక్కిస్తమని మీ మనవని వీడియో సూపెట్టిండ్రు. అవ్వా, నేను కొట్లాటకు రాలె. ఒక్కటే అడుగుత. మా నాయనమ్మ సచ్చేదాక ఒక్కటే మాట అన్నది, కొట్టంల ముగ్గుండె అని. ఊరంత నవ్విందట. అప్పుడు గాడ ఉన్నోళ్ళల్ల నువ్వొక్కదానివే మిగిలినవ్. ముగ్గుండెనా?"

ఆ పిల్ల కళ్ళు అచ్చం లచ్చక్కవే. నాకు ఎనభై అయిదేళ్ళు. భయపెట్టే దళం లేదు, మిలటరీ లేదు. అమ్మ లేదు, నాయన లేడు. ఇంక ఏం పోతుందని? కానీ నాకు ఆ క్షణంలో బాబు ఫోటో గుర్తొచ్చింది, శాలువాలు గుర్తొచ్చాయి.

"గుర్తులేదు బిడ్డా. శానేండ్లాయె" అన్నాను.

"మంచిది అవ్వా." చాయ్ గ్లాసు తనే కడిగి బోర్లించింది. వాకిట్లో చెప్పులు వేసుకుంటూ నేల వైపు చూసింది. నీళ్ళు చల్లిన బోసి వాకిలి. వెళ్ళిపోయింది.

పదకొండు రోజులు. అన్నం దిగలేదు. మీ అమ్మ ఫోను చేసి దవాఖానకు పోదామంటుంది, షుగరు చూపిద్దామంటుంది. పన్నెండో రోజు పొద్దున, ఆమె రాసిచ్చిపోయిన నంబరు చూసి సునీతకు ఫోను చేశాను.

"ముగ్గుండె" అన్నాను.

వెనక బడిపిల్లల గోల వినిపిస్తోంది. తరువాత, "ఏం ముగ్గు?" అంది.

"తామర పువ్వు. ఒక రెక్క లేకుండె. పిండి ఒడిసింది."

"మా నాయనమ్మ గూడ ఒక రెక్క లేదనే చెప్పేది" అంది. క్షమించానని అనలేదు. తిట్టనూ లేదు. "ఇదే మాట కమిటీల చెప్తవా?" అంది. చెబుతానన్నాను. ఫోను పెట్టేసింది.

మొన్న ఆటో మాట్లాడుకుని ఊరికి వెళ్ళాను. కమిటీ ముందు చెప్పాను. అంతా చెప్పాను. ముగ్గు, రెక్కలు, తుడిపెయ్యమనడం, బెల్లం, లే అనడం. వాళ్ళు మర్యాదగానే విన్నారు. విని, కమిటీ పెద్ద నీళ్ళ సీసా అందించాడు.

"ఎండల వచ్చినవ్ అవ్వా, జర తాగు. పోయినేడు వీడియోల లచ్చమ్మ అంటివి. గిప్పుడు ముగ్గంటున్నవ్. రేపేమంటవో!"

నవ్వారు. ఇంకొకతను మెల్లగా అనడం నాకు వినిపించింది: "ముసలామె, యాది తప్పింది. ఆ టీచరమ్మ మాటలు నేర్పి పంపినట్టుంది."

అప్పుడు పసిపిల్ల అబద్ధం ఆడదని నా అబద్ధాన్ని నమ్మారు. ఇప్పుడు ముసలిదానికి మతి లేదని నా నిజాన్ని నమ్మడం లేదు. గోడ పక్కన సునీత నిలబడి ఉంది. అదే ఊరు, అదే నవ్వు. లచ్చక్క ఆ జొన్నచేలో ఎలా నిలబడిందో నాకు మొన్న తెలిసింది. నేను నిలబడింది ఒక్క పూటే. ఆమె బతుకంతా అలాగే నిలబడింది.

రాయి ఇంకా చెక్కలేదు. చెక్కాక అందులో ముత్తయ్య పేరుంటుందో లేదో నాకు తెలియదు.

బాబూ, ఆ వీడియో తీసెయ్యకు. తీసేస్తే నేను ఆ మాట అననట్టే అయిపోతుంది. దాని పక్కన ఇది పెట్టు. అక్కతో చదివించి పెట్టు. ఈ నోటుబుక్కు చివరి కాగితం మీద ఆ ముగ్గు వేసి పంపుతున్నాను. గీతలు వంకర పోయాయి. ఎనిమిదో రెక్క నేను వేయలేదు. మీరు కూడా వేయకండి.

చదవగానే నాకు ఫోను చేయకండి. మీరేమంటారో నాకు తెలుసు. చిన్నపిల్లవి కదా అమ్మమ్మా, నీకేం తెలుసు అంటారు. మిల్లు కల్లంలోంచి పారిపోయినప్పుడు నేను చిన్నపిల్లను కాను. పోయిన నెల ఆ టీచరమ్మ చేత ఎంగిలి గ్లాసు కడిగించుకుని, గుర్తులేదని పంపేసినప్పుడు నేను చిన్నపిల్లను కాను.

చెప్పాను. ఇవాళ రెండు ముద్దలు దిగాయి.